పక్కమంచం జ్వరం

తెరకు అవతల నిలబడి డాక్టరమ్మ ఆ పేరు పలకగానే డిగ్రీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

డిగ్రీ అంటే ఇక్కడ చదువు కాదు, మనిషి. ఆ ఇంట్లో కాలేజీకి వెళ్ళి పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి కావడంతో తండ్రి ఆమెను అలాగే పిలుస్తాడు. ఆయన టైలరు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, మోకాలు పట్టేసినా "మా డిగ్రీని అడుగుదాం" అంటాడు. ఆమె చదివింది ఆర్థికశాస్త్రం, చేసేది బీమా ఆఫీసులో ఉద్యోగం. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. చివరికి ఆమె కూడా చెప్పడం మానేసి, అడిగిన ప్రతిదాన్నీ శ్రద్ధగా చదివి తెలుసుకుని చెప్పడం అలవాటు చేసుకుంది.

టైలరుకు పేగులో అడ్డం పడి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, ఆ తర్వాత ఎక్కించిన యాంటీబయాటిక్ మందులకు విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ కొలిచి పెట్టిన మనిషి, తన పంట్లాం తన నడుం మీద నిలవక రెండు చేతులా పట్టుకుని బాత్రూమ్‌కు పరుగెత్తాల్సి వచ్చింది. వార్డు డాక్టర్లు పరీక్షలు చేసి, ప్రమాదమేమీ లేదనీ, నీళ్ళు బాగా తాగించమనీ, నెమ్మదిగా తగ్గుతుందనీ చెప్పారు.

"నెమ్మదిగానా?" అన్నాడు టైలరు. "నేను తగ్గేలోపు నాలో ఏమీ మిగలదే డిగ్రీ! ఏదో ఒకటి చూడవే."

డిగ్రీ చూసింది. పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవుల మందులుంటాయనీ, వాటిని ప్రోబయాటిక్స్ అంటారనీ ఆఫీసులో ఎవరో చెబితే, ఫోను పట్టుకుని కూర్చుంది. అమ్ముకునేవాళ్ళు రాసినదంతా పక్కన పెట్టి, పరీక్షలు చేసినవాళ్ళు రాసింది వెతికింది. కొన్ని డబ్బాల మీద 'మంచి బాక్టీరియా' అని ఉంటుందే తప్ప ఏ బాక్టీరియానో ఉండదు. గది అద్దెకు అడిగేవాణ్ణి కూడా పేరేమిటని అడుగుతాం కదా, కడుపులోకి పంపేవాళ్ళ పేరు తెలియకపోతే ఎలా అనుకుని వాటిని కొట్టేసింది. కొన్నిటి మీద తయారుచేసిన రోజు ఎన్ని కోట్ల జీవులున్నాయో రాశారు, గడువు తీరే రోజుకు ఎన్ని బతికి ఉంటాయో రాయలేదు. వాటినీ కొట్టేసింది. ఆఖరికి ఆమె కన్ను ఒక ఈస్టు మీద పడింది. బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్టుకు దగ్గరి చుట్టం, ఫంగస్ జాతిది. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది కానీ ఈస్టు జోలికి పోదు. కాబట్టి రెండూ కలిపి వాడినా ఈ మందు పని చేస్తుంది. ఆ తర్కం ఆమెకు తెగ నచ్చింది. శాకరోమైసిస్ అన్న ఆ పేరు నోరు తిరగక బస్సులో పదిసార్లు గొణుక్కుంది.

మందుల షాపామె కూడా మంచి ప్రశ్నలే వేసింది. "ఎవరికమ్మా? క్యాన్సర్ మందులేమైనా వాడుతున్నారా? రోగాన్ని తట్టుకునే శక్తి బాగా తక్కువుందా? మెడలో గానీ ఛాతీలో గానీ పెద్ద నరంలోకి గొట్టం పెట్టారా? అలాంటివాళ్ళకు ఇది ఇవ్వకూడదు."

"లేదండీ. చేతికి చిన్న సూది, అంతే."

అది నిజం. ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

అయితే క్యాప్సూల్ అనేసరికి టైలరు మొండికేశాడు. గొంతులో బొద్దింక అడ్డం పడ్డట్టుంటుందని నోరు బిగించేశాడు. డిగ్రీ తల్లి ఊరుకుంటుందా? క్యాప్సూల్‌ను రెండు చేతుల గోళ్ళతో పట్టి విప్పి, పొడిని చెంచాలో దులిపి, నీళ్ళలో కలిపి తాగించేది. రెండో రోజుకే టైలరు పరుగులు తగ్గాయి. మూడో రోజుకు కూర్చుని జోకులు వేయసాగాడు. వార్డులో డాక్టర్లకు ఈ మందు సంగతి చెప్పాలని డిగ్రీ అనుకుంది. ఒకసారి డాక్టరు వెనకాలే నాలుగడుగులు వేసింది కూడా. ఆయన ఫోనులో ఉన్నాడు. తినే వస్తువు లాంటిదేగా, షాపులో చీటీ లేకుండానే ఇచ్చారుగా, తర్వాత చెప్పొచ్చులే అనుకుంది.

ఇప్పుడు ఆ పేరు తెర అవతల వినబడింది.

తెర అవతల ఉన్నది పెద్దమ్మ. చుట్టరికం లేదు. ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో కాల్స్ కలిపిన మనిషి, గొంతు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడుతుంది. పొట్టలో క్లోమం వాచిపోయి, నోటితో ఏమీ తినకూడదన్నారు. మెడ పక్కన పెద్ద నరంలోకి సన్నటి గొట్టం పెట్టి, ఆహారమంతా దాని గుండానే ఎక్కిస్తున్నారు. నిన్నటి నుంచి ఆవిడకు చలిజ్వరం. మంచం ఇనుప చువ్వలు టకటకలాడేంత వణుకు. ఆ గొంతు ఇవాళ మూలుగు దాటి పైకి రావడం లేదు.

"రక్తంలో శాకరోమైసిస్ పెరిగిందట. ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు," అంటోంది డాక్టరమ్మ. "ఈవిడకు ప్రోబయాటిక్ ఎవరైనా ఇస్తున్నారా?"

"లేదు డాక్టర్. నోటితో నీటి చుక్క కూడా వెళ్ళడం లేదు," అంది సిస్టరు.

"మరెలా వస్తుంది? ల్యాబ్‌లోనే ఎక్కడో కలిసిపోయి ఉంటుంది. మళ్ళీ రక్తం పంపించండి. రెండో రిపోర్టు వచ్చేదాకా ఆ గొట్టం తీయొద్దు, ఫంగస్ మందు మొదలుపెట్టొద్దు. ఉన్న మందే నడవనివ్వండి."

అడుగుల చప్పుడు దూరమైంది. డిగ్రీ తన సంచిలోంచి డబ్బా తీసి అట్ట మీద పేరు చూసింది. ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివింది. అదే. కానీ మింగినది నాన్న. పెద్దమ్మ అసలేమీ మింగలేదు. తెర దాటి ఇదెలా నడిచి వెళ్ళింది?

"ఏమే, అలా కొయ్యబారి నిలబడ్డావు? ఇటియ్యి," అంటూ తల్లి ఆమె చేతిలోని డబ్బా లాక్కుని ఒక క్యాప్సూల్ తీసింది. మధ్యాహ్నం మోతాదు వేళ అయింది.

రోజూ ఆ వేళకు డిగ్రీ ఆఫీసులో ఉంటుంది. ఇవాళ సెలవు. తల్లి ఆ పని చేస్తుంటే కళ్ళారా చూడటం ఇదే మొదటిసారి. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా మంచం మీద పడుతోంది. తల్లి గోళ్ళతో క్యాప్సూల్‌ను తిప్పి టప్పున విప్పింది. లేత గోధుమరంగు పొడి చెంచాలో పడింది. కొంత దుప్పటి మీద పడింది. తల్లి వంగి "ఉఫ్" అని ఊదేసింది.

ముప్ఫై ఏళ్ళుగా ఆ దంపతులు చేసే పనే అది. గుడ్డ మీద సుద్దతో గీస్తారు, కత్తిరిస్తారు, మిగిలిన సుద్దపొడిని ఉఫ్ అని ఊదేస్తారు. కొట్లో ఇద్దరూ చెరో పక్క ఊదుకుంటూ ఉంటారు. ఊదుతున్నామని వాళ్ళకు కూడా తెలియదు.

ఎండలో పొడి పొగలా లేచింది. మెల్లగా తిరిగింది. తెర కింద, తెర పక్కన, పైన ఉన్న సందుల్లోంచి అటువైపుకు సాగిపోయింది.

డిగ్రీ కళ్ళు ఆ పొడి వెంటే తెర దాకా వెళ్ళాయి. అంతలో తల్లి చెంచాలో నీళ్ళు పోసి, భర్తకు తాగించి, చేతులు కొంగుకు తుడుచుకుని, "పాపం అక్కకు ఎలా ఉందో చూసొస్తా" అంటూ తెర పక్కకు జరిపింది.

పెద్దమ్మ ఒంటి మీది గౌను ఈవిడ కుట్టిందే. ఆసుపత్రి గౌను మెడ దగ్గర గొట్టాన్ని లాగుతోందని, భుజం మీద విప్పుకునేలా గుండీలు పెట్టి ఒక్క రోజులో కుట్టి తెచ్చింది. అప్పటి నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ మెడపట్టీ సరిచేస్తుంది. గొట్టం మీద అంటించిన ప్లాస్టర్ అంచు లేచి ఉంటే, అంచుపట్టీ నొక్కినట్టు బొటనవేలితో నొక్కి వస్తుంది. ఇప్పుడూ ఆ చెయ్యి మెడ వైపే వెళుతోంది.

"ముట్టుకోకు!"

అది తన గొంతేనని డిగ్రీకి కూడా తెలియలేదు. ఒక్క ఊపున వెళ్ళి తల్లి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. ఎదురుమంచం మీది మనిషి లేచి కూర్చున్నాడు. తల్లి మొహం ఎర్రబడింది.

"పిచ్చి గానీ పట్టిందా? నలుగురిలో తల్లిని అలా లాగుతావా?"

డిగ్రీ ఆమెను తమ మంచం వైపుకు తెచ్చి, తెర వేసి, గొంతు తగ్గించి చెప్పింది. వింటున్నకొద్దీ టైలరు కళ్ళు పెద్దవయ్యాయి. తల్లి మాత్రం చెయ్యి విదిలించింది.

"ఊరుకోవే. గాలిలోంచి వెళ్ళి నరాల్లో దూరుతుందా? నువ్వు తెచ్చిందే కదా, మంచిదే కదా! మీ నాన్నకు మేలు చేసింది ఆవిడకు చెడు చేస్తుందా?"

"నాన్న పేగులోకి వెళ్ళిందమ్మా. ఆవిడకు రక్తంలోకి వెళ్ళింది. మెడలో తలుపు తెరిచి పెట్టినట్టుంది ఆ గొట్టం."

"నీకెలా తెలుసు? నువ్వేమైనా డాక్టరువా?"

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను ఆ మాట అడగడం ఇదే మొదటిసారి.

టైలరు దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. "చూడు డిగ్రీ. ఆ పేరు డాక్టరమ్మకు తెలిసిపోయిందిగా. ఇవాళ కాకపోతే రేపు మందు వాళ్ళే ఇస్తారు. మధ్యలో మనం తల దూర్చడం దేనికి? వాళ్ళబ్బాయిని చూశావుగా, ఆ బస్సు డ్రైవరుని? తల్లి అంటే ప్రాణం. చెయ్యి చూశావా, ఒక్కటేస్తే నా కుట్లన్నీ ఊడిపోతాయి. డబ్బా దాచెయ్యి, ఇక ఇవ్వకండి. అయిపోతుంది."

డిగ్రీ డబ్బా వైపు చూసింది. నాన్న మాటలో అబద్ధం ఏముంది? డబ్బా సంచిలో పెట్టి జిప్పు వేసేస్తే ఎవరికీ తెలియదు. రెండో రిపోర్టు వస్తుంది. అప్పుడు గొట్టం తీస్తారు. ఒకటి రెండు రోజులు ఆలస్యం, అంతే.

తెర అవతల మంచం చువ్వలు మళ్ళీ టకటకలాడాయి. ఒకసారి మొదలైన చప్పుడు ఆగలేదు. "దుప్పటి... ఇంకో దుప్పటి..." అన్న మాట పళ్ళ మధ్య నలిగి నలిగి వచ్చింది. ఆ గొంతు వార్డంతా వినబడే గొంతు. ఇప్పుడు తెర దాటడమే కష్టంగా ఉంది.

"రెండు రోజులుంటుందా నాన్నా ఆవిడ?" అంది డిగ్రీ.

ఆమె డబ్బా తీసుకుని బయటికి పరుగుతీసింది.

డాక్టరమ్మ వార్డు చివర చేతులు కడుక్కుంటోంది. డిగ్రీ ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. విరేచనాలు, డబ్బా, గోళ్ళు, ఉఫ్, ప్లాస్టర్ అంచు. చెబుతుంటే డాక్టరమ్మ చేతులు కుళాయి కిందే ఆగిపోయాయి. నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"మంచం పక్కనే విప్పారా?"

"అవునండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మందు మొదలుపెట్టినప్పటి నుంచీ."

"దేవుడా!" అంది డాక్టరమ్మ. డాక్టర్లు అలా అంటారని డిగ్రీ ఎప్పుడూ అనుకోలేదు.

ఆ తర్వాత అంతా ఒక్కసారిగా జరిగిపోయింది. సిస్టర్లు చేతి తొడుగులు వేసుకుంటూ పరుగెత్తారు. పెద్దమ్మ మెడలోని గొట్టం తీసేసి, చేతికి కొత్త సూది పెట్టి, ఫంగస్‌కు మందు మొదలుపెట్టారు. మంచాన్ని అలాగే తోసుకుంటూ వేరే గదికి తీసుకుపోయారు. తెరలు విప్పి మూట కట్టారు. టైలరు మంచం చుట్టూ ఉన్న ప్రతి గజాన్నీ తుడిచారు. ఎదురుమంచం మనిషికీ, ఆ పక్క మనిషికీ కూడా రక్తం తీశారు. "నాకెందుకు? నాకేమైంది?" అని వాళ్ళు అడుగుతుంటే ప్రతి మాటా డిగ్రీ చెంప మీద పడ్డట్టే ఉంది.

పని సద్దుమణిగాక డాక్టరమ్మ ఆమెను పిలిచింది. తిడుతుందనుకుంది. తిట్టలేదు.

"మందు బాగానే ఎంచుకున్నావు. ఇంత చూసి కొనేవాళ్ళు అరుదు. కానీ నువ్వు మింగేవాళ్ళ గురించే ఆలోచించావు. ఇది బతికున్న వస్తువమ్మా. విప్పితే లేస్తుంది. చేతులకంటుకుంటే మామూలుగా తుడిస్తే పోదు. పక్కన మెడలో గొట్టం ఉన్న మనిషి ఉంటే ఆ గదిలోనే విప్పకూడదు. మాకు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది."

"చెబుదామనే అనుకున్నానండీ."

"అనుకున్నావు," అంది డాక్టరమ్మ. అంతకు మించి ఏమీ అనలేదు.

డిగ్రీ తిరిగి వచ్చేసరికి తల్లి స్టూలు మీద కూర్చుని ఖాళీ అయిన చోటు వైపు చూస్తోంది. మంచం పోగా అక్కడ నేల మీద నాలుగు చక్రాల గుర్తులున్నాయి.

"నిజమేనా?" అంది.

"నిజమేనమ్మా."

"నా ఊపిరా?"

తల్లి అరచేయి పెట్టి తన నోరు మూసుకుంది. ఏడవడానికి కాదు. లోపలి గాలి బయటికి రాకుండా ఆపుతున్నట్టు మూసుకుంది. మొహాన నెత్తురుచుక్క లేదు. టైలరు "పోనీ లేవే, తెలిసి చేశామా" అని భుజం తట్టబోతే, ఒళ్ళు ముడుచుకుని దూరం జరిగింది.

సాయంత్రం డ్యూటీ దిగి డ్రైవరు వచ్చాడు. అతనితో డాక్టరమ్మ అప్పటికే మాట్లాడింది. ఖాకీ చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. టైలరు దుప్పటి కింద కుట్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డ్రైవరు ఆయన వంక చూడలేదు. స్టూలు మీద కూర్చున్న మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పిన్నీ," అన్నాడు. మొదటి రోజు నుంచీ అతను ఆమెను అలాగే పిలుస్తున్నాడు. "నేను బండి మీద ఉన్నంతసేపూ మా అమ్మ దగ్గర మీరున్నారని ధైర్యంగా ఉండేది."

అంతే అన్నాడు. కేకలు వేయలేదు, చెయ్యెత్తలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదని డిగ్రీకి అనిపించింది.

ఆ రోజు నుంచి తల్లి మాట్లాడటం దాదాపు మానేసింది. భర్తకు అన్నీ చేస్తోంది. చేతులు కడిగి కడిగి వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంటోంది. సిస్టరు అవసరం లేదన్నా తీయడం లేదు. డిగ్రీ ఆఫీసుకు సెలవు పెట్టి, ఆ వేరే గది బయట గోడకు ఆనుకుని నిలబడుతోంది. లోపలికి వెళ్ళే మొహం లేదు, వెళ్ళిపోయే మనసు రాదు. సిస్టరు బయటికి వచ్చినప్పుడల్లా ఆమె కళ్ళలోకి చూస్తుంది. సిస్టరు తల అడ్డంగా ఊపుతుంది. జ్వరం దిగడం లేదు. ఎదురుమంచం వాళ్ళ రక్తంలో ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆ ఒక్క మాటకే డిగ్రీ గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

ఇంకో రెండు రోజులకు తలుపు తీసింది సిస్టరు కాదు, డ్రైవరు.

"దిగింది," అన్నాడు. "రాత్రంతా రాలేదు. పొద్దున కూడా లేదు."

డిగ్రీ ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాతో ఏమీ చెప్పకు, చెల్లెమ్మా. నీ మీద నాకింకా కోపం పోలేదు. ఆ టైలరమ్మ ఎందుకు రావట్లేదని మా అమ్మ నా ప్రాణం తీస్తోంది. నేను చెప్పలేదు. నా నోటితో చెబితే ఎలా చెబుతానో నాకే తెలియదు. నువ్వే చెప్పు."

డిగ్రీ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. పెద్దమ్మ సగానికి సగమైంది. మెడ పక్కన చిన్న దూది కట్టు ఉంది. కళ్ళు మాత్రం చురుగ్గానే ఉన్నాయి.

"ఏమే, తల్లీకూతుళ్ళు కలిసి నన్నొదిలేశారా?"

"పెద్దమ్మా, మీకొచ్చిన జ్వరం మా నాన్న మందు వల్ల వచ్చింది."

"మీ నాన్న మందు మీ నాన్నకే కదా పోసేది?"

డిగ్రీ చెప్పింది. ఈసారి ఊపిరి తీసుకుంటూ, ఏదీ వదలకుండా చెప్పింది. తను ఎంచుకున్నది, చెప్పనిది, అమ్మ ఊదింది, తెర దాటింది, అమ్మ వేళ్ళు ప్లాస్టర్ నొక్కింది. పెద్దమ్మ చెయ్యి మెల్లగా మెడ మీద కట్టు దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

"అంటే," అంది, "మీ నాన్న బాత్రూమ్ బాధ తగ్గడానికి నేను పైకి పోబోయానా?"

"అవును పెద్దమ్మా."

"నేనేమీ మింగకుండానే?"

"ఏమీ మింగకుండానే."

పెద్దమ్మ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. కోపమో, భయమో, డిగ్రీకి తెలియలేదు.

"మీ అమ్మకు తెలుసా?"

"తెలుసు. నోటికి గుడ్డ కట్టుకుని బయట మెట్ల మీద కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు."

"పిలువు."

"పెద్దమ్మా, తను వచ్చే స్థితిలో లేదు..."

"పిలవ్వే! నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎదురుగా నిలబెట్టి తిట్టాలి. ఇక్కడ పడుకుని గోడను తిట్టమంటావా?"

ఆ మాట తలుపు దాటి బయటికి వినబడింది. డ్రైవరు ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు.

డిగ్రీ మెట్ల దగ్గరికి వెళ్ళింది. తల్లి తలెత్తింది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అమ్మా, పెద్దమ్మ రమ్మంటోంది. చెప్పేశాను. నిన్ను తిడుతుందట."

తల్లి గుడ్డ కిందికి లాగింది. ఇన్నాళ్ళకు ఆమె పెదవులు కదిలాయి.

"తిట్టే ఓపిక ఉందా ఆవిడకు?"

"ఉంది. గది బయటికి వినబడుతోంది."

తల్లి మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుస్తూనే కుళాయి వైపు నడిచింది.